పీపాలోకి కొత్త వైన్

గ్రిమెంట్స్
10 ఫిబ్రవరి 1957, ఆదివారం

అక్కా,

మూడు రోజులుగా పడుతున్న మంచు ఈ ఉదయం ఆగింది. ఆకాశం శుభ్రంగా ఉంది, చలి మాత్రం ఎక్కువ. గుడి నుంచి వచ్చాక ఇంటి కప్పు మీది మంచు దింపాను. నేలమాళిగలో చీజ్ చక్రాలన్నీ తిప్పి, ఉప్పునీటి గుడ్డతో తుడిచాను.

ఆవులు రెండూ బాగున్నాయి. ఎర్రది వచ్చే నెలలో ఈనుతుంది.

పీపాలో వైన్ ఎంత ఉందో చూశాను. బెత్తెడు తగ్గింది. చలికాలంలో ఎప్పుడూ ఇంత తగ్గదు. క్రిస్మస్‌కి పక్కింటి తెయొఫీల్, వాళ్ళ అన్నయ్య వచ్చి కూర్చున్న మాట నిజమే, కానీ ఇద్దరూ ముసలివాళ్ళు, ఎంతని తాగుతారు. ఎప్పటిలాగే ఈస్టర్ లోపు కొత్త రేజ్ ద్రాక్ష వైన్ పంపగలవు. చిన్న పీపాని బస్సులో తెస్తానని డ్రైవర్ కాండీడ్ అన్నాడు. "మీ అక్కయ్య వైన్‌ని సీట్లో కూర్చోబెట్టి, టికెట్ కొట్టి మరీ తెస్తానులే" అన్నాడు. కిందటేడు దాన్ని కోళ్ళ బుట్ట పక్కన పెట్టి తెచ్చాడు. బిరడాకి పట్టిన కోళ్ళ వాసన చాలా రోజులు పోలేదు.

పైన ఖాళీ ఉండిపోతే గాలి తగిలి లోపలిదంతా పాడవుతుందని నీకు చెప్పనక్కర్లేదు. నాన్న చేతిలో ఆ పీపా ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. తాత చేతిలోనూ కాలేదు. అడుగున ఎవరు పోసిన వైన్ ఉందో మనలో ఎవరికీ తెలియదు. అది నా చేతిలో పాడు కాకూడదు.

నీ మోకాలు ఎలా ఉంది.

వితాల్


మ్యూరా, సియేర్
17 ఫిబ్రవరి 1957

ఒరే తమ్ముడూ,

పీపా ఆరోగ్యం గురించి అరపేజీ రాశావు. నా మోకాలికి నాలుగు ముక్కలు. సంతోషం. అడిగావు కాబట్టి చెబుతున్నాను: వాచింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను, ఎక్కేటప్పుడు ఏసుప్రభువుని పట్టుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కోపం తెచ్చుకోకుండా చదువు. ఈసారి రేజ్ వైన్ పంపే ఓపిక నాకు లేదు. పిండింది ఉంది, అలాగే మూలన ఉంది. కానీ ఆ తోటని మాత్రం ఇంక నేను చెయ్యలేను. నాన్న మన ఇద్దరికీ కలిపి వదిలిన ఆ ముక్క ఎంత నిటారుగా ఉంటుందో మరిచిపోయి ఉంటావు, నువ్వు కిందికి దిగి ఎన్నేళ్ళయింది? ఈ చలికాలంలో రాతికట్టు రెండు చోట్ల కూలింది. ఆ రాళ్ళని దొర్లిన చోటు నుంచి ఒక్కొక్కటీ పైకి మొయ్యాలి. మా ఆయన దమియాన్ ఉన్నన్నాళ్ళూ ఆయన మోశాడు. ఇప్పుడు ఎవరు మోస్తారు, నీ ఎర్రావు మోస్తుందా?

పక్కతోట ఎరాస్మ్ రోజూ గోడ మీద నుంచి చూసి తల ఊపుతాడు. "వదినా, ఆ పుల్ల రేజ్ ద్రాక్షని ఇంకా ఎందుకు మేపుతున్నారు? అందరి తోటలూ కోసేసినా అది పండదు. పీకేసి ఫాందాన్ ద్రాక్ష పెట్టండి, గునపం నేను పడతా" అంటాడు. తప్పేముంది? ఫాందాన్ ఎంత పిండినా ద్రాక్ష రైతుల సంఘం వాళ్ళు పట్టుకుపోతారు. ఊళ్ళో ఏ కఫేకి వెళ్ళినా బల్ల మీద కరిగించిన చీజ్, ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన చల్లటి ఫాందాన్. చీజ్ వెంట ఫాందాన్ మెత్తగా జారిపోతుంది. నీ పీపాలోని మంచుకొండ వైన్ పోస్తే కడుపులో ఇద్దరూ కుస్తీ పడతారు. రేజ్ ఎవరికి కావాలిరా, నీ పీపాకి తప్ప?

ఇదివరకు మార్చి వచ్చిందంటే మీ లోయ మొత్తం పిల్లనగ్రోవులు ఊదుకుంటూ, డోళ్ళు కొట్టుకుంటూ తోటలు తవ్వడానికి దిగేది. కిందటేడు డోలు వాయించేవాళ్ళు వచ్చారు, తవ్వేవాళ్ళు రాలేదు.

తోట నీ పేరున కూడా ఉంది కాబట్టి అడుగుతున్నాను. సరే అను, లేదా వచ్చి గోడ కట్టు. రెండింటిలో ఏదో ఒకటి చెప్పు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ అక్క
ఫెలిసీ


గ్రిమెంట్స్
3 మార్చి 1957, ఆదివారం

అక్కా,

దక్షిణపు గాలి తిరిగింది. వెచ్చగా ఉంది. మంచు ఒక్కసారిగా కరుగుతోంది, చూరు నుంచి నీళ్ళు ఆగడం లేదు. నేలమాళిగలో పని ఎక్కువగా ఉంది. ఈ వారమంతా అక్కడే సరిపోయింది.

నువ్వు రాసింది చదివాను. రెండోసారి కూడా చదివాను. ఇప్పుడు కిందికి రాలేను.

కరిగించిన చీజ్‌తో ఈ వైన్ తాగమని ఎవరూ చెప్పలేదు. దీనికి రై రొట్టె కావాలి, కొంచెం ఎండినదైతే మంచిది. గట్టి చీజ్ పలచగా గీకాలి. గాలికి ఎండిన మాంసం ఉంటే ఇంకా మంచిది. అప్పుడు దీని రుచి వేరు. నీకు తెలియనిది కాదు.

కాండీడ్ చేతికి నీ చీజ్ చక్రం ఇస్తున్నాను. పై అరలో నీ గుర్తుతో ఉన్నది. ఇక అది ఇక్కడ ఉండడం కుదరదు. నీ దగ్గరే పెట్టుకో. గోనెలో చుట్టాను, తడి తగలనివ్వకు.

వితాల్


మ్యూరా
7 మార్చి 1957

వితాల్,

నిన్న విభూతి బుధవారం. నేను నుదుటి మీద బూడిదతో గుడి నుంచి వచ్చేసరికి కాండీడ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో గోనెమూట. "మీ తమ్ముడు పంపాడమ్మా, బలే బరువుంది, పండక్కా?" అన్నాడు. విప్పాను. వాడి మొహం చూడాల్సింది. వాడూ ఆ లోయలోనే పుట్టినవాడు, చూడగానే తెలిసింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నా శవానికి టోపీ తీసినట్టు తీశాడు!

నా చావు చీజ్ పంపావు. నేను పెళ్ళయి వెళ్ళే ముందు అమ్మ తన చేత్తో గుర్తు వేసి పై అరలో పెట్టిన చక్రం. నన్ను పాతిపెట్టి వచ్చాక అందరికీ కోసి పెట్టవలసింది. ఎవరి చక్రం వాళ్ళ చావుకే దిగుతుంది, అంతకుముందు దిగదు. ఆ మాట మనిద్దరం పాలు తాగే వయసులో నేర్చుకున్నాం. నువ్వు దాన్ని దింపావు. "ఇక ఇక్కడ ఉండడం కుదరదు" అని రాశావు. సరే, అర్థమైంది. తోట పీకుతానన్నాను కాబట్టి నేను చచ్చినట్టే లెక్క, నా చావు భోజనం కూడా ఆ ఇంట్లో జరగదన్నమాట. ఇంత మాట నోటితో అనలేక బస్సులో పంపావు.

పైగా ఆ వైన్ రుచి నాకు తెలియనిది కాదని రాశావు. నాకెక్కడ తెలుస్తుందిరా? నేను ఎప్పుడు తాగాను? ఆడది నేలమాళిగ గడప దాటకూడదు, వైన్ గడప దాటి బయటికి రాకూడదు. మధ్యలో నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను, రొట్టె అందించడానికి. ఈ చేతులతో కోసింది, ఈ కాళ్ళతో మోసింది, ఏడాది ఏడాదీ ఆ పీపాలో పడింది. దాని చుక్క నా నాలిక మీద పడలేదు. దమియాన్‌ని పాతిపెట్టిన రోజు మీరంతా కిందికి దిగారు. నేను పైన వంటింట్లో ఆడవాళ్ళతో కాఫీ ముందు కూర్చున్నాను. నేల పలకల సందుల్లోంచి మీ మాటలు వినిపించాయి. ఒకసారి ఎవరో నవ్వారు కూడా. తప్పని కాదు, దమియాన్ కూడా నవ్వేవాడు. కానీ నేను భర్త పోయినదాన్ని. ఒక్క గిన్నె పైకి తెచ్చి ఇద్దామని మీలో ఒక్కరికీ తోచలేదు.

సోమవారం ఎరాస్మ్ గునపం తెస్తాడు. నీ సరే నాకు అక్కర్లేదు.

ఫెలిసీ


గ్రిమెంట్స్
9 మార్చి 1957, శనివారం

అక్కా,

మళ్ళీ మంచు పడుతోంది, తడి మంచు. రాత్రి ఎర్రావు ఈనింది. పెయ్యదూడ.

నువ్వు అనుకున్నది కాదు. రాయవలసింది, రాయలేదు. నేలమాళిగ వెనక గోడ మంచు కరిగిన నీటికి ఉబ్బింది. నీళ్ళు లోపలికి వస్తున్నాయి. చీజ్ అరలు రెండు కూలాయి. నా చక్రం, అమ్మ వేసిన గుర్తుతో ఉన్నది, బూజు పట్టి లోపలిదాకా పోయింది. దాన్ని పారేశాను. మిగిలినవి తెయొఫీల్ ఇంట్లో పెట్టాను. నీది ఒక్కటి చెక్కు చెదరలేదు. దాన్ని పరాయి ఇంట్లో పెట్టబుద్ధి కాలేదు. అందుకే నీకు పంపాను. అంతే.

పీపా కింద దుంగలు పెట్టి నిలబెట్టాను. అప్పుడు చూశాను, ఒక పలక కదిలి ఉంది, ఈ నీళ్ళ కంటే ముందే, చలికి. అందుకే ఆ బెత్తెడు తగ్గింది. తెయొఫీల్ వాళ్ళు తాగింది కాదు. సందు మైనంతో మూశాను. ఇప్పుడు కారడం లేదు.

వైన్ పంపమని ఇక అడగను.

నువ్వు చివర రాసిన గిన్నె సంగతికి జవాబు రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.

సోమవారం అన్నావు. ఇది ఆ లోపు నీకు అందాలి.

వితాల్


మ్యూరా
16 మార్చి 1957

వితాల్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పోంతీ మలుపు దగ్గర మంచు విరిగిపడి దారి మూసుకుపోయిందట, బస్సు వారమంతా నడవలేదు. సోమవారం, మంగళవారం రెండు రోజులూ ఎరాస్మ్ తవ్వాడు. నేను కూడా పట్టుకుని లాగాను. వేళ్ళు ఎంత లోతుకి పోయాయనుకున్నావు. ఒక్కొక్క మొదలు ఊడి వచ్చినప్పుడు ఒక చప్పుడు వస్తుంది, పన్ను పీకినట్టు. కోపంలో ఉన్నప్పుడు ఆ చప్పుడు బాగానే ఉంది. నిన్న నీ ఉత్తరం చదివాక మళ్ళీ ఆ మెరక ఎక్కి చూశాను. ఒక్కటి కూడా మిగల్లేదు. ఎరాస్మ్ పని అంటే ఎరాస్మ్ పనే, పాడు మనిషి. మొదళ్ళన్నీ ఒకచోట పేర్చి కట్టెలకి పనికొస్తాయన్నాడు.

"వదినా, ఏడుస్తున్నారా?" అని గోడ మీద నుంచి అడిగాడు.

"లేదు, చలి" అన్నాను.

"చలైతే కట్టెలున్నాయిగా" అన్నాడు. వాడి నోట్లో మట్టి కొట్టాలనిపించింది.

గోడ ఉబ్బిందని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? "నేలమాళిగలో పని ఎక్కువగా ఉంది" అని రాస్తే నేనేమనుకోవాలి, పీపా పక్కన కూర్చుని పని చేస్తున్నావనుకున్నాను. నువ్వు ఎప్పుడూ ఇంతే. అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు కూడా నాకు వాన గురించి రాశావు.

సరే. అయిపోయింది. నీ మీద కోపంగా ఉండాలన్నా అలసటగా ఉంది.

మూలన పెట్టిన కిందటేటి రేజ్ ఉంది కదా, అది పంపుతున్నాను. ఇదే ఆఖరుది. కాండీడ్‌కి గట్టిగా చెప్పాను, కోళ్ళ పక్కన పెట్టావంటే నీ పెళ్ళికి రాను అని. "నాకు పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారమ్మా" అన్నాడు. "అయితే మళ్ళీ చేసుకున్నప్పుడు" అన్నాను.

దూడకి పేరు పెట్టావా?

ఫెలిసీ


గ్రిమెంట్స్
28 ఏప్రిల్ 1957, ఆదివారం

అక్కా,

వారం నుంచి ఎండ. మంచు పై పచ్చికల దాకా వెనక్కి పోయింది. గోడ విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను. తెయొఫీల్ కొడుకు రాళ్ళు అందిస్తున్నాడు.

నీ వైన్ పవిత్ర శనివారం నాడు పోశాను. పైదాకా నిండింది. నెమ్మదిగా పోశాను. అది లోపల కలిసే చప్పుడు ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది.

ఈ ఉత్తరంతో కాండీడ్ నీకు ఒక సీసా ఇస్తాడు. పీపాలోది. కొత్తది పోయకముందే తీశాను, కాబట్టి పాతదే. సీసాలో ఎలా పట్టాలో నాకు తెలియలేదు, ఎప్పుడూ పట్టలేదు కదా. గరాటు లేదు. పాల గరాటు కడిగి వాడాను.

సీసాని మొన్ననే కాండీడ్‌కి అప్పగించాను, అప్పుడు బస్సు దగ్గర తెయొఫీల్ చూశాడు. "వితాల్, సంకలో ఏంటది?" అన్నాడు. దగ్గు మందు అన్నాను. "నీకు దగ్గెప్పుడొచ్చింది?" అన్నాడు. నాకు కాదు, అక్కకి అన్నాను. దగ్గరికి వచ్చి బిరడా వాసన చూశాడు. "ఇది గడప దాటినట్టు నేను చూడలేదు" అని వెళ్ళిపోయాడు. చూడలేదంటే చూడలేదనే అర్థమో, చూసినట్టు ఎవరికీ చెప్పనని అర్థమో తెలియదు. ఆ రోజు నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు.

మరీ చల్లగా తాగకు. నీళ్ళ తొట్టిలో కాసేపు ఉంచితే చాలు. రొట్టె, చీజ్ సంగతి ముందే రాశాను. కరిగించిన చీజ్ వద్దు. మొదటి గుక్కకి తీర్పు చెప్పకు.

దూడకి పేరు పెట్టలేదు.

వితాల్


మ్యూరా
5 మే 1957

ఒరే తమ్ముడూ,

సీసా మంగళవారం వచ్చింది. బల్ల మీద పెట్టి నాలుగు రోజులు చూశాను. ఒంటరిగా తాగబుద్ధి కాలేదు. నిన్న మధ్యాహ్నం ఉర్సులీన్‌ని పిలిచాను, ఎరాస్మ్ భార్యని. ఆమె పుట్టిల్లు కూడా ఆ లోయే, ఆమె కూడా పళ్ళెం పట్టుకుని గడప బయట నిలబడ్డదే. వాసన పట్టి వెనకాలే ఎరాస్మ్ కూడా తగిలాడు. వాణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టాం. "ఇవాళ మగవాళ్ళకి కాఫీ" అంది ఉర్సులీన్. కప్పు కిటికీలోంచి అందించింది. వాడు ఆ కాఫీ తాగుతూ ప్రతి రెండు నిమిషాలకీ "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అరిచాడు.

ఎలా ఉందంటే, నిజం చెప్పనా? మొదటి గుక్క పీపా చేసిన లార్చ్ చెక్కని నాకినట్టుంది. ఆ చెట్టు బంక వాసన ముక్కులోకి పోయింది. తరవాత పులుపు, చెంపలు లోపలికి లాక్కుపోయాయి. ఉర్సులీన్ నోరు తుడుచుకుని సీసా వంక చూసింది. "ఇదేనా? దీని కోసమా మా ఆయన పెళ్ళినాటి సాయంత్రం నన్ను వదిలేసి కిందికి దిగాడు?" అంది. నాకు నవ్వు ఆగలేదు. బయట నుంచి వాడు "నేను విన్నా!" అన్నాడు.

నువ్వు తీర్పు చెప్పకు అన్నావు కాబట్టి చెప్పలేదు. రై రొట్టె కోశాను. ఇంట్లో గట్టి చీజ్ లేదు. ఉన్నది ఒక్కటే.

అవును, దాన్నే కోశాను. కత్తి దిగలేదు, ఉర్సులీన్ సుత్తి తెచ్చింది. రాయిలా ఉంది, గీకితే పొడిగా రాలింది, లోపల మాత్రం ముదురు తేనె రంగు. అమ్మ వేసిన గుర్తు మీద కత్తి పెట్టకుండా పక్క నుంచి కోశాను. నోట్లో వేసుకుని, దాని మీద ఆ వైన్ పోస్తే, అప్పుడు అర్థమైంది. ఉప్పు పులుపుని పట్టుకుంది. చెక్క వాసన పోయి ఎండిన ఆపిల్ తొక్కల వాసన వచ్చింది, తరవాత అక్రోటు. మింగాక కూడా చాలాసేపు ఉంది. ఇద్దరం ఇంకో ముక్క గీకి తీసుకున్నాం. "ఇప్పుడు తెలిసిందిలే, కిందికి దిగినవాళ్ళు తొందరగా పైకి ఎందుకు రారో" అంది ఉర్సులీన్.

నా చావు భోజనం నేనే వడ్డించుకుని తిన్నానురా. బతికి ఉండగా. రుచిగానే ఉంది. తరవాత నిజంగా పోయినప్పుడు వచ్చినవాళ్ళకి ఏం పెడతారో మీరే చూసుకోండి.

ఒక సంగతి. దమియాన్ తోటలో ఉన్న ఏడాదులూ, నేను ఒక్కదాన్నే కోసిన ఏడాదులూ అన్నీ ఆ సీసాలో ఉండాలి కదా. ఏది ఏదో తేల్చుకుందామని కళ్ళు మూసుకుని చూశాను. తేలలేదు. అన్నీ కలిసిపోయాయి. అది మంచిదేనేమో.

ఇప్పుడు నాకు ఒక జవాబు కావాలి. రేజ్ ఇంక లేదు. దమియాన్ నాకు వదిలిన కింది తోటలో ఫాందాన్ ఉంది, వచ్చే ఏడాది నుంచి పీపా తగ్గితే నేను పంపగలిగింది అదొక్కటే. పోస్తావా? లేక అంగుళం అంగుళం తగ్గి ఎండిపోతుంటే చూస్తూ కూర్చుంటావా? పొయ్యనంటే నేను ఏమీ అనను. కానీ ఏదో ఒకటి రాయి. వాతావరణం కాదు.

నీ అక్క
ఫెలిసీ


మ్యూరా
22 సెప్టెంబరు 1957

వితాల్,

మే నుంచి ఇప్పటిదాకా నీ నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఎండుగడ్డి కోశావు. వడగళ్ళు పడ్డాయి. గోడ పూర్తయింది. ఎర్రావు కాలికి ముల్లు గుచ్చుకుంది. నేనడిగిన దానికి మాత్రం ఒక్క ముక్క లేదు.

ఊరుకుందామనుకున్నాను. కానీ మొన్న కాండీడ్ వచ్చి, "మీ తమ్ముడు కిందటి గురువారం కిందికి దిగాడుగా, మీ ఇంటికి రాలేదా?" అన్నాడు. సియేర్ వచ్చి, ఇక్కడికి పావుగంట నడక, నా గుమ్మం ఎక్కకుండా వెళ్ళిపోయావు. కోటు వేసుకుని వచ్చావట. కోటు వేసుకుని ఎక్కడికి వెళ్తారు? నోటరీ దగ్గరికి వెళ్తారు. తోటలో నీ వాటా వేరు చెయ్యడానికో, ఇల్లు తెయొఫీల్ వాళ్ళకి రాసి ఇవ్వడానికో. చెయ్యి, నీ ఇష్టం. పీపా కూడా వాళ్ళకే ఇచ్చెయ్యి. కానీ నాతో చెప్పి చెయ్యి. ఈ వయసులో కాండీడ్ నోటి నుంచి వినే ఓపిక లేదు.

ద్రాక్ష కోత రెండు వారాల్లో మొదలవుతుంది. చిన్న పీపా కడిగి పక్కన పెట్టాలా వద్దా, అది తేలాలి. పిండాక సంఘం బండి వస్తుంది, అన్నీ ఎత్తుకుపోతుంది. తరవాత నువ్వు అడిగినా నా దగ్గర ఉండదు.

ఒక్క మాట.

ఫెలిసీ


గ్రిమెంట్స్
30 సెప్టెంబరు 1957, సోమవారం

అక్కా,

పొద్దున మొదటి మంచు, పలచగా, ఎండ రాగానే పోయింది. నేలమాళిగ మెట్ల పక్కన కర్ర బిగించాను, పై నుంచి కింది దాకా, పట్టుకుని దిగడానికి. లార్చ్ దుంగ చెక్కి నున్నగా చేశాను. ముందు నా చెయ్యి ఎత్తున పెట్టాను. తరవాత విప్పి, కిందికి జరిపి బిగించాను. ఇప్పుడు నాకు కొంచెం వంగాల్సి వస్తోంది. సరిపోతుంది.

నోటరీ దగ్గరికి వెళ్ళలేదు. స్టేషన్ ఎదుట కఫేకి వెళ్ళాను. కోటు వేసుకున్నది కఫేకి అని. కరిగించిన చీజ్ తెమ్మన్నాను, ఫాందాన్ తెమ్మన్నాను. నువ్వు అడిగిన దానికి జవాబు రాయాలంటే అది తెలియాలి కదా. ఫాందాన్ నేనెప్పుడూ సరిగ్గా తాగలేదు. పండగల్లో ఎవరో పోస్తే గుటుక్కున మింగేవాణ్ణి. పరాయి వైన్ అని అనుకునేవాణ్ణి. తెలియని దాని గురించి కాదని రాయడం నాకు ఇష్టం లేకపోయింది. తెలియకుండా ఔనని రాయడం కూడా. అక్కడ కూర్చుని రెండు గ్లాసులు నెమ్మదిగా తాగాను. మెత్తగా ఉంది. కొంచెం బుడగ ఉంది. చెకుముకి రాళ్ళు కొట్టినప్పటి వాసన ఉంది. చీజ్‌తో బాగుంది. నువ్వు రాసింది నిజమే.

నీ గుమ్మం ఎక్కలేదు. తాగి ఉన్నాను, రెండు గ్లాసులే అయినా. ఎండుగడ్డి కోసే రోజుల్లో కోటు వేసుకుని ఫాందాన్ వాసనతో వస్తే నువ్వేమంటావో తెలుసు. బస్సు కూడా బయల్దేరుతోంది.

తెయొఫీల్‌తో చెప్పాను. "అందులో ఫాందాన్ పోస్తావా? మీ నాన్న సమాధిలోంచి లేచి వస్తాడు" అన్నాడు. లేస్తే ఆయనకీ ఒక గిన్నె ఇస్తాను, తాగి చెప్పమను అన్నాను. నవ్వలేదు. "రుచి మారుతుందిరా" అన్నాడు. మారుతుంది అన్నాను. మేమిద్దరం పోయేదాకా పెద్దగా తెలియదు, తరవాత వచ్చేవాళ్ళకి అదే పాత రుచి అవుతుంది. ఇది అతనితో అనలేదు, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

చిన్న పీపా కడుగు. పంపు. పోస్తాను.

పోస్తాను అని రాశాను గానీ, అది కాదు నేను రాయాలనుకున్నది. ఈస్టర్ ముందు పొయ్యాలి. కాండీడ్‌తో మాట్లాడాను. అతని వెనక సీటు కుదుపు తక్కువట, నీకు ఉంచుతాడు, పీపా నీ కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. గుడి దగ్గర దిగితే ఇంటిదాకా దారి వాలే, నేను బండి తెస్తాను. మెట్లు తొమ్మిది. కర్ర ఉంది. పొయ్యడానికి పాల గరాటు వద్దు, కొత్తది చేయిస్తున్నాను. బిరడా తీయడం కష్టం కాదు, రెండు పక్కలా తట్టాలి, చూపిస్తాను. పోసేది మాత్రం ఎప్పుడూ మోసుకొచ్చినవాళ్ళే పొయ్యాలని నాకు అనిపిస్తోంది. ఇది ఎవరూ పెట్టిన ఆచారం కాదు.

ఇంకా రాద్దామనుకున్నాను. కాండీడ్ హారన్ కొడుతున్నాడు, ఉత్తరం ఇవాళే వెళ్ళాలి, నీకు కోత లోపు అందాలి. కింది మెట్టు మీద నాచు ఉంది, జారుతుంది, దాన్ని గీకాలి, సాయంత్రం పాలు పితికాక